మ్యూజ్‌స్కోర్‌లో స రి గ మ కీలతోనే స్వరాలు ఎక్కించాలంటే నోట్ ఇన్‌పుట్ ఎలా సరిచేసుకోవాలి?

వీణతంత్రి:

స్వరాలు రాసే ప్రోగ్రాం మ్యూజ్‌స్కోర్ స్టూడియో 4.5, విండోస్ 11, పక్కన నంబర్ కీలు లేని లాప్‌టాప్. యూఎస్‌బీ తీగతో తగిలించిన 61 కీల సంగీత కీబోర్డు కూడా ఉంది. సరళీ, జంట, దాటు వరుసల్ని మాయామాళవగౌళలో స్టాఫ్ నొటేషన్‌లోకి ఎక్కించాలి. అమెరికాలో స్కూలు ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించే పిల్లల కోసం. వాళ్లకి ఐదు గీతలు చదవడం వచ్చు, తెలుగు స్వరం చదవడం రాదు. షడ్జమం సి మీద పెట్టాను.

అక్షరం కొడితే స్వరం పడటం వరకూ బాగానే ఉంది. కానీ పుస్తకంలో గ అని చూడగానే వేలు జి మీదకి పోతుంది, తీరా పడేది పంచమం. ద అని చదివి డి కొడితే రిషభం. స రి గ మ ప ద ని అక్షరాలే కీలుగా పెట్టుకునే వీలుందా?

ఇంకో తలనొప్పి, 'స రి గ మ ప , స రి' లాంటి వరసలో రెండో స పై స్థాయికి ఎగిరిపోతోంది, ఆ తర్వాతివన్నీ అక్కడే ఉండిపోతున్నాయి. ప్రతి రి ముందూ, ప్రతి ద ముందూ మైనస్ నొక్కాల్సి వస్తోంది. పోనీ కీబోర్డు మీద వాయించి ఎక్కిద్దామంటే ఒక కీ నొక్కితే రెండు స్వరాలు పడుతున్నాయి, పైగా రి ఉండాల్సిన చోట సి షార్ప్ వస్తోంది. వీటన్నిటికీ మించి, కింద సాహిత్యం టైపు చేశాక ఒక్కోసారి ఏ అక్షరం కొట్టినా చలనం ఉండదు. ప్రోగ్రాం మూసి తెరిస్తే మళ్లీ మామూలే. ఇందులో సెట్టింగులతో తేలేవి ఏవి, చేతివాటంతో సర్దుకోవలసినవి ఏవి?

రాతస్వరం:

సరిగమ కీలు పెట్టుకోవచ్చు. కాకపోతే వరస పాటించాలి, లేకపోతే ఒక కీకి రెండు పనులు అంటుకుని ఏది చేస్తుందో తెలియని స్థితి వస్తుంది.

ముందు లెక్క చూడండి. మామూలుగా స్వరాలకి ఏ నుంచి జి దాకా ఏడు అక్షరాలు. మీకు కావలసినవి ఎస్, ఆర్, జి, ఎమ్, పి, డి, ఎన్. ఇందులో జి, డి ఇప్పటికే స్వరాల కీలే, కానీ వేరే స్వరాలవి. మిగతా ఐదింటికీ వేరే కొలువులున్నాయి. ఎస్ స్లర్, అంటే స్వరాల్ని కలిపే వంపు గీత, గీస్తుంది. ఆర్ ఎంచుకున్న ముక్కని మళ్లీ ఒకసారి రాస్తుంది. ఎమ్ వరసగా ఉన్న ఖాళీ బార్లని ఒకటిగా చూపిస్తుంది. పి తెర మీద పియానో తెరుస్తుంది. ఎన్ నోట్ ఇన్‌పుట్‌ని ఆన్, ఆఫ్ చేస్తుంది. మార్పు తర్వాత ఖాళీ అయ్యేవి ఏ, బి, సి, ఈ, ఎఫ్. ఐదు పోతే ఐదు దొరుకుతున్నాయి, అంటే ఏ పనీ కీ లేకుండా మిగలదు.

ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో షార్ట్‌కట్స్ తెరవండి. ముట్టుకునే ముందే ఎక్స్‌పోర్ట్ నొక్కి ఇప్పుడున్నది ఒక ఫైలుగా దాచుకోండి. తర్వాత ఇలా:

ముందుగా స్లర్, రిపీట్, ఖాళీ బార్లు, పియానో, నోట్ ఇన్‌పుట్ అనే ఐదు వరసల్ని ఒక్కొక్కటే ఎంచుకుని క్లియర్ చేయండి. కొత్త కీ ఇంకా ఇవ్వకండి.

ఇప్పుడు సి స్వరం వరసకి ఎస్, డి స్వరానికి ఆర్, ఎఫ్ స్వరానికి ఎమ్, జి స్వరానికి పి, బి స్వరానికి ఎన్ ఇవ్వండి. ఈ ఐదూ అయ్యాక డి కీ, జి కీ ఖాళీ అయ్యాయి కదా, అప్పుడు మాత్రమే ఏ స్వరానికి డి, ఈ స్వరానికి జి. ఈ చివరి రెంటినీ ముందే చేయబోతే ఆ కీ వాడుకలో ఉందని హెచ్చరిక వస్తుంది. దాన్ని దాటి సరే అన్నారా, డి స్వరానికి కీయే లేకుండా పోతుంది.

ఆఖర్న ఖాళీ అయిన ఐదు అక్షరాల్నీ పంచండి. నోట్ ఇన్‌పుట్‌కి ఈ, స్లర్‌కి సి, రిపీట్‌కి ఏ, ఖాళీ బార్లకి బి, పియానోకి ఎఫ్. ఇది నా పంపకం, మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకోండి.

వెతుకు పెట్టెలో నోట్ అని కొడితే ఒకే అక్షరం పేరుతో మూడు రకాల వరసలు వస్తాయి: స్వరం ఎక్కించేది, ఉన్న స్వరం మీద కార్డ్‌గా చేర్చేది, మధ్యలో దూర్చేది. కుడిపక్క గడిలో ఒంటి అక్షరం ఉన్న వరసే మీకు కావలసింది. షిఫ్ట్ ఉన్నది కార్డ్ కోసం, దాన్ని కదపకండి. అంటే కార్డ్‌లో సి చేర్చాలంటే ఇకమీదటా షిఫ్ట్ సి యే, షిఫ్ట్ ఎస్ కాదు. షిఫ్ట్ ఎస్ స్టకాటో చుక్క పెడుతుంది. వరుసలకి కార్డ్‌లతో పని లేదు కాబట్టి మీకు ఇది అడ్డు రాదు.

అంకెల జోలికి మాత్రం పోకండి. అవి స్వరం నిడివికి. ఇక్కడ 5 అంటే క్వార్టర్, 4 ఎయిత్, 3 సిక్స్‌టీన్త్, 6 హాఫ్, 7 హోల్. ఇలాంటివే వేరే ప్రోగ్రాములైన సిబెలియస్ కీప్యాడ్‌లో క్వార్టర్ 4, డోరికోలో 6. అక్కడి నుంచి వచ్చినవాళ్లు చేతి అలవాటు కోసం అంకెలన్నీ ఒక మెట్టు జరుపుతుంటారు. కానీ కంట్రోల్ 3 ట్రిప్లెట్, కంట్రోల్ 5 ఐదు స్వరాల గుంపు అనేవి జరగవు, ఎక్కడివక్కడే ఉంటాయి. వారం తిరక్కుండానే చెయ్యి తికమకపడుతుంది.

ఐదుగీతలు:

కీలు రాతస్వరం గారు చెప్పేశారు, స్థాయి సంగతి నేను చెబుతాను. దీన్ని ఆపే స్విచ్ లేదు, కానీ సూత్రం తెలిస్తే ముందే పసిగట్టొచ్చు.

అక్షరం కొట్టినప్పుడు ప్రోగ్రాం అంతకుముందు స్వరానికి ఏది దగ్గరైతే ఆ స్థాయిలో పెడుతుంది. మెట్లు లెక్కపెట్టండి. స నుంచి మ కి పైకి మూడు మెట్లు, కాబట్టి పైనే పడుతుంది. స నుంచి ప కి పైకి నాలుగు, కిందికి మూడు. అందుకని మంద్ర పంచమం పడుతుంది. మీ వరసలో జరిగేది దీనికి తిరగేసింది. ప నుంచి కింది స కి నాలుగు మెట్లు, తారస్థాయి స కి మూడు. ప్రోగ్రాం దగ్గరిదే ఎంచుకుంటుంది. ఇక దాని తర్వాతి రి ఆ పై స ని బట్టే కదా, అందుకే మిగతాదంతా పైన ఉండిపోతోంది.

కొత్త కీల ప్రకారం, మొదటి కాలంలో స్వరానికి ఒక క్వార్టర్ చొప్పున, ఆ వరస ఇలా నొక్కాలి: 5, ఎస్, ఆర్, జి, ఎమ్, 6, పి, 5, ఎస్, కంట్రోల్ డౌన్ యారో, ఆర్. ప పక్కన ఉన్న కామా ఆ స్వరాన్ని ఇంకో అక్షరకాలం సాగదీయడం, విరామం కాదు. అందుకే 6 నొక్కి హాఫ్ పెట్టాం. అక్కడ 0 కొడితే రెస్ట్ పడుతుంది, పిల్లలు విల్లు ఆపేస్తారు. కంట్రోల్ డౌన్ ఇన్‌పుట్‌లో ఉండగానే పనిచేస్తుంది, ఎస్కేప్ నొక్కి బయటికి రానక్కర్లేదు. స పడగానే దింపండి, తర్వాతివి వాటంతటవే కింద పడతాయి. ఆలస్యంగా చూసుకుంటే ఆ ముక్కంతా ఎంచుకుని అదే కంట్రోల్ డౌన్. మొత్తం ఒక స్థాయి దిగుతుంది.

పడకముందే చూసుకోవాలంటే 4.5 లో వచ్చిన 'ఇన్‌పుట్ బై డ్యురేషన్' ఉంది. నోట్ ఇన్‌పుట్ పట్టీలో పెన్సిల్ బొమ్మ పక్కన బాణం నొక్కితే కనిపిస్తుంది. అందులో వరస తిరగబడుతుంది: అక్షరంతోనో బాణాలతోనో నీడలాంటి స్వరాన్ని సరైన గీత మీదకి తెచ్చుకుని, అంకె కొట్టినప్పుడు పడేస్తుంది. సరళీ వరుసల్లో నిడివి ఎప్పుడోగానీ మారదు కాబట్టి ప్రతి స్వరానికీ అంకె కొట్టడం దండగ. మీ పనికి మామూలు పద్ధతే నయం.

మైనస్ బాధ పూర్తిగా పోతుంది. రాగానికి కీ సిగ్నేచర్, అంటే స్టాఫ్ మొదట్లో పెట్టే షార్పు, ఫ్లాట్ గుర్తుల జట్టు, మీరే చేసుకోండి. మాయామాళవగౌళకి సి మీద కావలసింది డి ఫ్లాట్, ఏ ఫ్లాట్ రెండే. సిద్ధంగా ఉన్నవాటిలో ఈ జత లేదు. నాలుగు ఫ్లాట్లది వేస్తే ఈ రెండూ వస్తాయి, కానీ గ, ని కూడా దిగిపోయి హనుమతోడి అయి కూర్చుంటుంది.

ఎఫ్9 నొక్కి పాలెట్లు తెరవండి. కీ సిగ్నేచర్స్ పెట్టెలో మోర్, అందులో కొత్త కీ సిగ్నేచర్ చేసే కిటికీ ఉంటుంది. అక్కడున్న ఫ్లాట్ గుర్తుని ట్రెబుల్ క్లెఫ్‌లో కింది నుంచి నాలుగో గీత మీదకి ఒకటి, రెండో సందులోకి ఒకటి లాగి పెట్టండి. నాలుగో గీత డి, రెండో సందు ఏ. పేరు పెట్టి చేర్చండి. తర్వాత మొదటి బార్ ఎంచుకుని పాలెట్‌లో దాన్ని నొక్కడమే. ఒక్క స్థాయిలో పెట్టినా అన్ని స్థాయిల రి, ద లకీ వర్తిస్తుంది. పెట్టాక ఒక రి కొట్టి కింద స్టేటస్ పట్టీ చూడండి. డి ఫ్లాట్ అని ఉంటే సరిగ్గా కూర్చున్నట్టు. ఉత్త డి అని ఉంటే గుర్తు గీతకి కొంచెం పైనో కిందో పడిందన్నమాట, తీసి మళ్లీ పెట్టండి.

ఒక ముఖ్యమైన సంగతి. కీ సిగ్నేచర్ స్వరాలకంటే ముందే పెట్టాలి. ఎక్కించేశాక పెడితే ప్రోగ్రాం మీ స్వరాల్ని మార్చదు. వినిపించేది అలాగే ఉంచి, ప్రతి రి కీ ద కీ నేచురల్ గుర్తు తగిలిస్తుంది. అది తప్పు కాదు, 'నువ్వు డి అన్నావు, డి యే ఉంచాను' అని దాని వాదన.

ఇదే వరుసల్ని వేరే రాగంలో ఇవ్వాలనుకుంటే అప్పుడు 'రీ-పిచ్' వాడండి. ఇదీ పెన్సిల్ పక్క బాణంలోనే. వరస మొత్తం కాపీ చేసి, కొత్త కీ సిగ్నేచర్ పెట్టి, మొదటి స్వరం మీద నిలబడి రీ-పిచ్‌లో అవే అక్షరాలు వరసగా కొట్టుకుంటూ పోవడమే. నిడివులు కదలవు, స్వరాలు మాత్రం కొత్త సిగ్నేచర్ ప్రకారం మారతాయి. కల్యాణికి ఒక షార్పున్న మామూలు సిగ్నేచర్ చాలు, ఖరహరప్రియకి రెండు ఫ్లాట్లది, శంకరాభరణానికి ఏమీ అక్కర్లేదు. సొంతంగా చేసుకోవలసిన అవసరం మాయామాళవగౌళ లాంటివాటికే.

రెండో కాలం, మూడో కాలం మళ్లీ కొట్టకండి. మొదటి కాలం వరసని ఎంచుకుని కాపీ చేసి, ఖాళీ బార్ మీద కంట్రోల్ షిఫ్ట్ క్యూ కొట్టండి. సగం నిడివితో అతుక్కుంటుంది: క్వార్టర్లు ఎయిత్‌లవుతాయి, హాఫ్‌గా ఉన్న ప క్వార్టర్ అవుతుంది. ఆ రెండో కాలాన్ని కాపీ చేసి మళ్లీ అదే కొడితే మూడో కాలం. కంట్రోల్ షిఫ్ట్ డబ్ల్యూ దీనికి ఎదురు, రెట్టింపు చేస్తుంది.

తిస్ర గతి కావాలంటే ముందు మొత్తం నిడివి, తర్వాత ట్రిప్లెట్. 5 కొట్టి కంట్రోల్ 3 అంటే ఒక క్వార్టర్‌లో మూడు ఎయిత్‌లు. చాలామంది మూడూ ఎయిత్‌లే కదా అని 4 కొట్టి కంట్రోల్ 3 అంటారు. అప్పుడు అరబీటులో మూడు సిక్స్‌టీన్త్‌లు వస్తాయి. గుంపు అయిపోగానే నిడివి ఎయిత్ మీద ఉండిపోతుంది, తర్వాతి గుంపుకి మళ్లీ 5 నుంచి మొదలు. పేజీ అంతా తిస్రమే అయితే ఈ బాధ ఎందుకు, 12/8 పెట్టుకుని చుక్క క్వార్టర్ని అక్షరకాలంగా రాసుకోండి.

మేళవింపు:

కీబోర్డు వైపు నుంచి.

ఒక కీకి రెండు స్వరాలు పడితే ముందు కీబోర్డు ప్యానెల్ చూడండి, ప్రోగ్రాంని కాదు. డ్యూయల్ లేదా లేయర్ ఆన్‌లో ఉంటే అదే కీ రెండు చానళ్ల మీద వెళ్తుంది, రెండో వాయిస్ ఒక స్థాయి తేడాలో ఉంటే స్టాఫ్ మీద జంట కనిపిస్తుంది. ఆటో అకంపనిమెంట్ ఆన్‌లో ఉంటే తాళం, బేస్ కూడా స్వరాలుగా వచ్చి పడతాయి. స్ప్లిట్, డ్యూయల్, స్టైల్ మూడూ ఆపి, ఒక్క పియానో వాయిస్ పెట్టుకోండి.

స్వరాలు రెండు కాదు, శబ్దం రెండుసార్లు వినిపిస్తోందంటే అది వేరే జబ్బు. కీబోర్డు స్పీకరు ఒకటి, లాప్‌టాప్ స్పీకరు ఒకటి. కీబోర్డులో లోకల్ కంట్రోల్ ఆఫ్ చేయండి, లేదా దాని వాల్యూమ్ దించేయండి.

స్వరాలు కొన్ని చోట్ల నిలువుగా కార్డ్‌లా పేరుకుంటే వేళ్లు అతుక్కున్నాయన్నమాట. మొదటి కీ వదలకముందే రెండోది నొక్కితే ప్రోగ్రాం దాన్ని అదే కార్డ్‌లో చేరుస్తుంది. గమకంతో వాయించే చేతికి ఈ అతుకు సహజంగా వస్తుంది. స్వరం ఎక్కించేటప్పుడు టైపు చేస్తున్నట్టు పొడి పొడిగా నొక్కాలి. నోట్ ఇన్‌పుట్ ప్రిఫరెన్సెస్‌లో కీ వదిలినప్పుడు ముందుకు జరిగే ఆప్షన్ ఉంది, దాన్ని మార్చి రెండు రకాలుగానూ ప్రయత్నించండి.

ట్రాన్స్‌పోజ్ బటన్. మన దగ్గర శ్రుతి కోసం ఎప్పుడో ఏడు మెట్లు పెంచి అలాగే వదిలేసి ఉంటారు. చాలా కీబోర్డుల్లో ఆ పెంపు బయటికి వెళ్లే సంకేతానికీ వర్తిస్తుంది. మీరు సి నొక్కితే స్టాఫ్ మీద జి పడుతుంది. సున్నాకి తెచ్చుకోండి. స్థాయి అంకె చూసి కంగారు పడకండి: మధ్య సి, అంటే సంకేతంలో 60, మ్యూజ్‌స్కోర్‌లో సి4. యమహా వాళ్లు దాన్నే సి3 అంటారు.

సి షార్ప్ రావడానికి కారణం కీబోర్డు పంపేది అంకె మాత్రమే కావడం. 61 అంటే సి షార్పో డి ఫ్లాటో అందులో ఉండదు. ప్రోగ్రాం ఊహించాలి. సి మేజర్ లెక్కన 61 ని సి షార్ప్‌గానూ, 68 ని జి షార్ప్‌గానూ రాస్తుంది. రి పోయి స కి షార్ప్ వచ్చిందంటే పిల్లలు స్వరాల పేర్లు తప్పు నేర్చుకుంటారు, చెవికి ఒకటే అయినా. ఆ స్వరాలు ఎంచుకుని జే కొడితే పేరు మారుతుంది. కానీ ప్రతి బార్‌లో జే కొట్టుకుంటూ కూర్చునే బదులు మాయామాళవగౌళకి అక్షరాలతో ఎక్కించడమే మేలు. అక్షరంలో పేరు ముందే ఉంది కదా. కీబోర్డు అసలు లాభం స్థాయి సరిగ్గా పడటం, అది ఐదుగీతలు గారు చెప్పిన కంట్రోల్ డౌన్‌తో తీరిపోయింది.

రియల్ టైమ్ ఇన్‌పుట్ జోలికి పోతారేమో, ఒక మాట. మెట్రోనోమ్‌తో నడిచే రకంలో దెబ్బకీ దెబ్బకీ మధ్య వ్యవధి మిల్లీసెకన్లలో పెడతారు. 750 అంటే నిమిషానికి 80 దెబ్బలు, 500 అంటే 120. ఒక్కో దెబ్బ మీరు ఎంచుకున్న నిడివికి సమానం. ఎయిత్ ఎంచుకుంటే దెబ్బకి ఒక ఎయిత్ అన్నమాట, తాళానికి కాదు. ఇది తెలియక క్వార్టర్ ఎంచుకుని రెండో కాలం వాయిస్తే ఒకే దెబ్బలో రెండు స్వరాలు ఇరుక్కుంటాయి. వరుసలకి ఇది అనవసరం.

నొక్కిన తర్వాత శబ్దం ఆలస్యంగా వస్తే ఆడియో పేజీలో బఫర్ తగ్గించండి. 44100 దగ్గర 1024 శాంపిళ్లంటే దాదాపు 23 మిల్లీసెకన్లు, 512 అంటే 12 లోపు. మరీ తగ్గిస్తే చిటపటలు మొదలవుతాయి, అప్పుడు ఒక మెట్టు పెంచండి. స్వరం కొట్టినప్పుడల్లా మోగే శబ్దం మరీ సాగితే నోట్ ఇన్‌పుట్ పేజీలోనే దాని నిడివి ఉంటుంది. 200 మిల్లీసెకన్లు పెట్టుకుంటే వేగంగా కొట్టినా ఒకదాని మీద ఒకటి పడవు.

కీబోర్డు పేరే జాబితాలో కనిపించకపోతే, లేదా కనిపించీ పలకకపోతే, దాన్ని వేరే రికార్డింగ్ ప్రోగ్రాం పట్టుకుని ఉందేమో చూడండి. విండోస్‌లో పాత పద్ధతి మిడి పోర్టుని ఒకేసారి ఒక ప్రోగ్రామే తెరవగలదు.

తాళపత్రం:

కీలు మార్చడం మీద నాది వేరే మాట. మార్చకండి. రాతస్వరం గారి పద్ధతి సరైనదే, తప్పు పట్టడం లేదు. కానీ ఎక్కడ పాఠం చూసినా స్వరాలకి ఏ నుంచి జి అనే ఉంటుంది, ఇంకో కంప్యూటర్ మీద కూర్చుంటే మళ్లీ మొదటికొస్తుంది. పైగా సరిగమ కీలు షడ్జమం సి మీద ఉన్నంతవరకే నిజం. రేపు షడ్జమాన్ని జి మీద రాయాల్సి వస్తే ఎస్ కొడితే సి యే పడుతుంది. అప్పుడు తికమక రెండింతలు.

అక్షరాలు చచ్చుబడటానికి కారణం వేరు, దానికీ నోట్ ఇన్‌పుట్‌కీ సంబంధం లేదు. సాహిత్యం కోసం తెలుగు కీబోర్డుకి మారి, తిరిగి ఇంగ్లీషుకి రాలేదు. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీల అమరికలో డి కీ పొల్లు పంపుతుంది, ఎన్ కీ ల పంపుతుంది. షార్ట్‌కట్ డి కోసం ఎదురుచూస్తోంది, వచ్చింది పొల్లు, పట్టించుకోదు. మూసి తెరిస్తే కిటికీ మళ్లీ ఇంగ్లీషుతో మొదలవుతుంది కాబట్టి నయమైనట్టు కనిపిస్తుంది. విండోస్ కీ, స్పేస్ కలిపి కొడితే చాలు. టాస్క్‌బార్ కుడి మూల 'తె' అని ఉందా, ఇంగ్లీషుదా చూసుకోండి.

సాహిత్యంలో ఇదే రకం మెలిక ఇంకొకటి. కంట్రోల్ ఎల్ కొట్టి అక్షరం రాసి, స్పేస్ కొడితే తర్వాతి స్వరానికి పోతుంది. మాట విడగొట్టాలంటే హైఫన్. ఒక అక్షరాన్ని మూడు నాలుగు స్వరాల మీద సాగదీయాలంటే అండర్‌స్కోర్, అది గీత గీస్తూ పోతుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో షిఫ్ట్ హైఫన్ అండర్‌స్కోర్ కాదు, విసర్గ! రా అనే అక్షరం సాగాల్సింది పోయి రాః అయి కూర్చుంటుంది. సాగదీసే ముందు ఇంగ్లీషుకి మారి అండర్‌స్కోర్ కొట్టి, మళ్లీ తెలుగుకి రండి. విసుగే, కానీ దారి అదే. లేదా సాగుడు గీతలన్నీ ఆఖర్న ఒక్క విడతలో పెట్టుకోండి: అక్షరం మీద డబుల్ క్లిక్ చేసి, చివరకి వెళ్లి, ఇంగ్లీషులో అండర్‌స్కోర్.

ఫాంట్ కూడా చూసుకోండి. సాహిత్యానికి మామూలుగా వచ్చే ఎడ్విన్‌లో తెలుగు అక్షరాలు లేవు. సిస్టమ్ ఏదో ఒకటి తెచ్చి పెడుతుంది, అది ఇంకో కంప్యూటర్లో ఇంకోలా ఉంటుంది. ఫార్మాట్, స్టైల్, లిరిక్స్‌కి వెళ్లి నిర్మలా యూఐ గానీ నోటో సాన్స్ తెలుగు గానీ పెట్టండి. బేసి వరసలకి, సరి వరసలకి విడివిడిగా ఉంటుంది, రెండూ మార్చాలి. వరసల మధ్య ఎడం కొంచెం పెంచండి, లేకపోతే పై చరణం ఒత్తులు కింది చరణం గుడుల్ని తాకుతాయి.

వీణతంత్రి:

కీలు రాతస్వరం గారు చెప్పిన వరసలోనే మార్చాను, ఎక్కడా తగులుకోలేదు. తాళపత్రం గారు చెప్పింది ఒప్పుకుంటాను, కానీ ఈ పుస్తకం మొత్తం షడ్జమం సి మీదే. కీ సిగ్నేచర్ పెట్టి రి కొడితే డి ఫ్లాట్ చూపించింది. కీబోర్డులో డ్యూయలే ఆన్‌లో ఉంది.

కొత్తగా రెండు అనుమానాలు. మంద్రస్థాయిలో మ రాస్తే ఎర్రగా కనిపిస్తోంది, ప మాత్రం నల్లగానే ఉంది. ఇంకోటి, మరిచిపోయిన స్వరం ఒకటి మధ్యలో పెట్టబోతే ఉన్న స్వరం పోయి కొత్తది వచ్చింది, దూరలేదు.

ఐదుగీతలు:

ఎర్ర రంగు తప్పు కాదు, హెచ్చరిక. మీ స్టాఫ్ వయొలిన్ అని పెట్టుకున్నారు. పాశ్చాత్య శ్రుతిలో వయొలిన్ అడుగు తీగ జి3, అంటే మీ మంద్ర ప. దానికింద ఉన్న మ ఆ తీగ మీద దొరకదని చెబుతోంది. మీ పిల్లలు స్కూలు వయొలిన్ అదే శ్రుతిలో వాయిస్తారు కాబట్టి ఈ హెచ్చరిక వినదగ్గదే, ఆ మ వాళ్లు నిజంగానే వాయించలేరు. మన పద్ధతిలో స ప స ప కి శ్రుతి చేసిన వయొలిన్ కోసం రాస్తున్నవాళ్లయితే నోట్ ఇన్‌పుట్ ప్రిఫరెన్సెస్‌లో పరిధి దాటిన స్వరాలకి రంగు వేసే టిక్ తీసేయొచ్చు. ఎలాగూ రంగు తెర మీదే, ప్రింటులో రాదు.

దూర్చడానికి పెన్సిల్ పక్క బాణంలో 'ఇన్సర్ట్' ఎంచుకోండి. మామూలు పద్ధతి ఎప్పుడూ ఉన్నదాని మీద రాస్తుంది. కానీ ఇన్సర్ట్‌లో ఆ బార్ పొడుగవుతుంది, 4/4 బార్‌లో ఐదు క్వార్టర్లు ఉండిపోతాయి. బార్ మూలన చిన్న ప్లస్ గుర్తు కనిపిస్తే అదే. ఆది తాళం లెక్క అక్కడి నుంచి తప్పుతుంది. మీకు కావలసింది బార్ పెంచడం కాదు, మిగతా స్వరాల్ని ఒక అడుగు జరపడం. అందుకని మరిచిపోయిన చోటు నుంచి వరస చివరిదాకా ఎంచుకుని, కట్ చేసి, ఒక క్వార్టర్ ముందుకెళ్లి పేస్ట్ చేసి, ఖాళీ అయిన చోట ఆ స్వరం కొట్టండి. అప్పటికే సాహిత్యం రాసి ఉంటే స్వరాలతోపాటు అదీ జరుగుతుంది. వద్దనుకుంటే కట్ చేసే ముందు ఎఫ్6 కొట్టి సెలెక్షన్ ఫిల్టర్‌లో లిరిక్స్ టిక్ తీయండి.

రాతస్వరం:

ఇంకొక్కటి. ఇప్పుడు మీ కొత్త కీలు పనిచేస్తున్నాయి కదా, షార్ట్‌కట్స్ పేజీలో మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసి వేరే పేరుతో దాచండి. ముందు దాచినది మామూలుది, ఇది సరిగమది. ఎప్పుడైనా ఇంకెవరికైనా లాప్‌టాప్ ఇవ్వాల్సి వస్తే మామూలుది ఇంపోర్ట్ చేసి ఇవ్వండి. లేకపోతే వాళ్లు ఎన్ కొట్టి నోట్ ఇన్‌పుట్ తెరవబోతారు. అది తెరుచుకోదు, ఎందుకో వాళ్లకి అంతుపట్టదు.